అభిప్రాయం లేని బండి రోడ్డెక్కరాదు

రవాణా శాఖలో ఒక పెద్దాయన కొత్త కారు కొన్నాడు. కొన్న నెల తిరక్కుండానే ఆఫీసుకి వస్తూ వస్తూ, బండి ఎలా ఉందయ్యా అని డ్రైవర్ని అడిగాడు. డ్రైవరు గేరు మార్చుకుంటూ "ఏదో, పోతోందండి" అన్నాడు. ఆ మాటతో పెద్దాయనకి మధ్యాహ్నం భోజనం సయించలేదు. లక్షలు పోసి కొన్న కారు, రోజూ దాన్ని నడిపే మనిషి, ఆ మనిషికి దాని మీద ఒక అభిప్రాయమంటూ లేదు. కారుకి ఇన్సూరెన్సు ఉంది, పొల్యూషన్ కాగితం ఉంది, అద్దం మీద అంటించాల్సిన స్టిక్కర్లన్నీ ఉన్నాయి. లేనిది అభిప్రాయం ఒక్కటే. వెంటనే ఆరా తీయిస్తే, రాష్ట్రం మొత్తమ్మీద ఏ ఒక్క వాహనానికీ అభిప్రాయం లేదని రికార్డుల సాక్షిగా తేలింది. ఇన్ని లక్షల బండ్లు ఇన్నేళ్ళుగా అభిప్రాయాలు లేకుండా రోడ్ల మీద తిరుగుతున్నా ఏ ఒక్క అధికారీ పట్టించుకోలేదంటే ఆశ్చర్యమే మరి.

మూడు నెలల్లో ఉత్తర్వు వచ్చింది. "ప్రతి వాహన యజమానియు తన వాహనముపై ఒక అభిప్రాయమును కలిగియుండవలెను. సదరు అభిప్రాయము స్పష్టముగను, స్వంతముగను, నూట యాభై మాటలకు తగ్గకుండగను ఉండవలెను. దాని చెల్లుబాటు కాలము ఒక సంవత్సరము." అభిప్రాయం మంచిదైతే బండి ఉత్తమ తరగతిలోకి వెళుతుంది, ఆనంద రుసుము కట్టాలి. ఎక్కువ సుఖపడేవాడు ప్రభుత్వానికి ఎక్కువ ఇవ్వడం న్యాయమే కదా. అభిప్రాయం చెడ్డదైతే బండి అధమ తరగతి. యజమానే నమ్మని బండిని రోడ్డు మీద వదలడం ప్రజలకి ప్రమాదం కాబట్టి దాన్ని తుక్కు చెయ్యాలి. "ఫర్వాలేదు" అన్నవాళ్ళకి ఆరు గంటల శిక్షణ. ఫర్వాలేదనేది అభిప్రాయం కాదనీ, అభిప్రాయం చెప్పకుండా తప్పించుకోవడమనీ ఉత్తర్వులోనే వివరంగా రాశారు. పెట్రోలు బంకుల్లో కుర్రాళ్ళు జీరో చూసుకోండి సార్ అనే ముందు అభిప్రాయం చూపించండి సార్ అనడం మొదలెట్టారు.

ఈ ఉత్తర్వు కొమ్మరాజుపేటలో అందరికన్నా గట్టిగా తగిలింది నూకరాజుకి. నూకరాజు గ్యాస్ పొయ్యిలు, కుక్కర్లు బాగుచేస్తాడు. మోపెడ్డు ముందు ఒక చిన్న మైకు, వెనక పనిముట్ల పెట్టె. కుక్కర్ల రబ్బర్లు మారుస్తాం, గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తాం అని తన గొంతుతోనే రికార్డు చేయించి, చుట్టుపక్కల తొమ్మిదూళ్ళూ తిప్పుతాడు. మోపెడ్డు కొని పధ్నాలుగేళ్ళయింది. ఆ పధ్నాలుగేళ్ళలోనూ దాని గురించి అతని నోటి వెంట ఒక్క మంచి మాట ఎవరూ వినలేదు.

దానికి కారణం లేకపోలేదు. గోదావరి వైపు బండి ఉన్నవాడికి బండి కన్నా పెద్ద బరువు బండి అడిగేవాళ్ళు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి, కాఫీ తాగి, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పి, చివర్లో "ఎంతిస్తోంది బండి?" అంటారు. ఎన్ని కిలోమీటర్లిస్తోంది అని పైకి దాని అర్థం. తాళం ఎప్పుడిస్తావు అన్నది అసలు సంగతి. అందుకని ఆ ఊళ్ళో మైలేజీ ఎప్పుడూ ఒక్కటిగా ఉండదు. కొనడానికొచ్చినవాడికి అరవై ఇస్తుంది. అరువుకొచ్చినవాడికి ముప్ఫై కూడా ఇవ్వదు, బ్రేకులు పట్టవు, దారిలో ఆగిపోతుంది, మొన్ననే ఒకాయన పడ్డాడు కూడాను. లేదు పొమ్మంటే చుట్టరికం చెడుతుంది. బండిని తిడితే ఎవరికీ నొప్పి ఉండదు.

నూకరాజు ఈ విద్యలో ఆరితేరిపోవడానికి అతని బావమరిది దొరబాబే కారణం. రొయ్యల మేతకి కమీషన్ ఏజెంటుగా తిరిగే దొరబాబు ఒకసారి గంటలో వస్తానని మోపెడ్డు తీసుకెళ్ళి మూడో రోజు తెచ్చిచ్చాడు. ట్యాంకులో పెట్రోలు చుక్క లేదు, హారను లేదు, సీటు నెల రోజులు రొయ్యల మేత వాసనేసింది. ఆ తర్వాత నుంచీ దొరబాబు వీధి మొదట్లో కనిపిస్తే చాలు, నూకరాజు బండి దగ్గర కూర్చుని స్పానరు పట్టుకుని తిట్లు లంకించుకునేవాడు. దొరబాబు వెళ్ళిపోయాక మెత్తటి పాత పంచె ముక్కతో బండిని తుడిచేవాడు. ఆయన దాన్ని తిట్టినంత తనను తిడితే ఎప్పుడో పుట్టింటికి పోయేదాన్నని, తుడిచినంత శ్రద్ధగా తనను చూసుకుంటే ఏ లోటూ ఉండేది కాదని అతని భార్య మంగతాయారు ఇరుగుపొరుగుతో అంటూ ఉండేది.

అభిప్రాయాల నమోదుకి రవాణా ఆఫీసులో కొత్త కిటికీ తెరిచారు. ఇంట్లో రాసుకొస్తే పెళ్ళాం పిల్లల ప్రభావం పడుతుందని, అభిప్రాయాన్ని అధికారి ఎదుటే నోటితో చెప్పాలన్నారు. పారదర్శకత కోసం కిటికీకి మైకు కట్టారు. చెప్పే ప్రతి మాటా హాలంతా వినపడుతుంది. కిటికీ వెనక కూర్చున్నది అభిప్రాయ పరిశీలనాధికారి అనంతపద్మనాభం గారు. ఆయన నలభయ్యేళ్ళు దాటని మనిషే గానీ, మాట మాత్రం పాత ఫైల్లోంచి తీసినట్టు ఉండేది.

నూకరాజు వరసలో రెండు గంటలు నిలబడ్డాడు. ఆ రెండు గంటలూ మనసులో మంచి మాటలు కూర్చుకున్నాడు. ఆనంద రుసుము ఎంతయినా కట్టేద్దాం, బండి నిలబడాలి అనుకున్నాడు. తన వంతు వచ్చింది. మైకు ముందు గొంతు సవరించుకుని, ఎందుకో ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరినో బతిమాలి అప్పుడే వరస మధ్యలో దూరి, తన వెనకే, తన భుజం మీదుగా తొంగి చూస్తూ, దొరబాబు ఉన్నాడు. అతని దగ్గరా ఒక పాత మోటారుసైకిలుంది, దానికి అభిప్రాయం రాయించుకోవడానికి వచ్చాడు. ఆ మోటారుసైకిలు షెడ్డులో పడి అప్పటికి పది రోజులు.

"సదరు వాహనముపై తమరి అభిప్రాయము?" అన్నారు అనంతపద్మనాభం గారు.

పధ్నాలుగేళ్ళ అలవాటు రెండు గంటల ఆలోచనని ఒక్క తోపు తోసింది. "ఏం చెప్పమంటారండీ, ఉత్త డొక్కు బండండీ బాబూ" అని మొదలెట్టాడు నూకరాజు. బ్రేకులు పట్టవన్నాడు. పాతిక కూడా ఇవ్వదన్నాడు. ఇలాంటి బండి పగవాడికి కూడా వద్దన్నాడు. ముందు చక్రం ఏదో ఒక రోజు ఊడి చేతికొస్తుందన్నాడు. వెనక దొరబాబు నిట్టూర్చిన కొద్దీ నూకరాజుకి ఉత్సాహం పెరిగింది. నూట యాభై మాటలు చెప్పడానికి జనం నానా అవస్థ పడుతుంటే నూకరాజు నాలుగొందలు దాటించాడు. హాల్లో నవ్వుకున్నారు. అనంతపద్మనాభం గారు మాత్రం నవ్వకుండా ప్రతి మాటా రాసుకున్నారు. అంత స్పష్టమైన అభిప్రాయం ఆయనకి ఉద్యోగంలో చేరాక తగలలేదు.

నాలుగో రోజు నోటీసు వచ్చింది. యజమాని స్వయంగా వెలిబుచ్చిన అభిప్రాయం ప్రకారం సదరు మోపెడ్డు ప్రాణాంతకమైనదని రుజువైనందున, పదిహేను రోజుల్లో దాన్ని తుక్కు కింద అప్పగించాలి. తుక్కు చేసే ఖర్చు యజమానిదే. మంగతాయారు పదో తరగతి దాకా చదువుకుంది. నోటీసు ఆమే పైకి చదివింది. చదవడం అయిపోయాక, బండి పోతే ఏం తింటామని అడిగింది. నూకరాజు మోకాళ్ళు పాముకుంటూ కూర్చున్నాడు. సైకిలు మీద తిరిగిన రోజుల్లో ఎండాకాలం మూడూళ్ళు చుట్టేసరికి పడుకుండిపోయేవాడు. ఇప్పుడు మోకాళ్ళు కూడా అప్పటివి కావు.

అభిప్రాయం మార్చుకోవచ్చా అని ఆఫీసులో అడిగితే, మార్చుకోవచ్చు గానీ మారిన అభిప్రాయం సీలు వేసిన కవర్లో దాఖలు చెయ్యాలన్నారు. ఆఫీసు బయట జిరాక్సు కొట్టు పక్కన గొడుగు కింద పాపారావు కూర్చుంటాడు. కళ్ళ పరీక్ష కాగితాలు, చిరునామా కాగితాలు అతనే ఇప్పించేవాడు. ఉత్తర్వు వచ్చిన మర్నాడే అభిప్రాయాల్లోకి దిగాడు. మోపెడ్లకి మూడొందలు, మోటారుసైకిళ్ళకి అయిదొందలు, కార్లకి వెయ్యి. పిల్లల ప్రస్తావన కావాలంటే ఇంకో వంద. చదివి చూసుకుంటానంటే, అధికారి కన్నా ముందు యజమాని చదివితే అభిప్రాయం చెల్లదని అప్పటికప్పుడు ఒక నిబంధన చెప్పి, కవరుకి లక్క పూసి చేతిలో పెట్టాడు. నూకరాజు పిల్లల ప్రస్తావనకి కూడా డబ్బిచ్చి, కవరు కిటికీలో ఇచ్చి, తేలికపడ్డ మనసుతో ఇంటికొచ్చాడు.

కవర్లు మారిపోయాయో, పాపారావు దగ్గర మోపెడ్ల సరుకు నిండుకుందో తెలియదు. ఆ కవర్లో ఉన్నది ఒక పెద్ద కారు మీద అభిప్రాయం. ఏసీ వేసిన రెండు నిమిషాల్లో వెనక సీటు దాకా చల్లబడుతుందని, డిక్కీలో నాలుగు పెద్ద సూటుకేసులు పడతాయని, సన్‌రూఫ్ తెరిచినప్పుడు పిల్లల ఆనందం చూడడానికి రెండు కళ్ళూ చాలవని అందులో ఉంది.

అది చదివి అనంతపద్మనాభం గారు ఆశ్చర్యపోలేదు. అధికారి అన్నవాడు ఆశ్చర్యపోడు, విచారణకి ఆదేశిస్తాడు. అనుమతి లేకుండా ద్విచక్ర వాహనానికి ఏసీ, సన్‌రూఫ్ అమర్చి ఆ సమాచారాన్ని దాచిపెట్టినట్టు ప్రాథమికంగా తేల్చి, ఒక ఇన్‌స్పెక్టర్ని నూకరాజు ఇంటికి పంపారు. ఇన్‌స్పెక్టరు మోపెడ్డు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పనిముట్ల పెట్టె తెరిచి కొలిచాడు. సీటు మీద కూర్చుని తలెత్తి చాలాసేపు ఆకాశం కేసి చూశాడు. ఆ మీదట ఇలా రాసుకున్నాడు: "సన్‌రూఫ్ పూర్తిగా తెరిచియున్నది. మూయుటకు వీలు లేదు. ఏసీ వాహనము కదిలినపుడు మాత్రమే పనిచేయుచున్నది. డిక్కీలో సూటుకేసులకు బదులు కుక్కరు మూతలు కలవు."

ఒకే వాహనం మీద ఒకే మనిషికి రెండు విరుద్ధమైన అభిప్రాయాలు ఉండడంతో వ్యవహారం ముదిరింది. ఏది నిజమో తేలేదాకా బండి ఆఫీసు ఆవరణలో ఉండాలని తీసుకెళ్ళిపోయారు. కొండ నాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టయింది నూకరాజు పని. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని నడక మొదలెట్టాడు. మైకు బండితోపాటు పోయింది కాబట్టి కుక్కర్లు బాగుచేస్తామని తనే అరిచేవాడు. తొమ్మిదూళ్ళు రెండూళ్ళయ్యాయి. వారానికి గొంతు పోయింది. గొంతు పోయాక ఇళ్ళముందు నిలబడి ఒక పాత కుక్కరు మూత మీద స్పానరుతో వాయించేవాడు. భిక్షానికి వచ్చాడనుకుని ఒకావిడ గుప్పెడు బియ్యం తెచ్చింది. ఆ పూట నూకరాజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

బహిరంగ విచారణ రోజున ఆఫీసు హాలు కిటకిటలాడింది. సదరు వాహనాన్ని ఎప్పుడైనా వాడినవాళ్ళంతా సాక్ష్యానికి రావాలని దండోరా వేయించారు. పధ్నాలుగేళ్ళ కిందట ఒకసారి వాడిన దొరబాబు తప్ప ఇంకెవరూ లేరు. బండి నడక ఎలా ఉందని అడిగితే దొరబాబు, అప్పుడు బాగానే నడిచిందండీ, ఆ తర్వాతే పాడయిందట, మా బావ ఎప్పుడూ చెబుతూనే ఉంటాడు, చాలా మంచి మనిషి, నాకేమైనా అవుతుందేమోనని బండి ఇచ్చేవాడు కాదు అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళు నిజంగానే చెమర్చాయి. నూకరాజుకి భూమిలోకి దిగబడిపోయినంత సిగ్గేసింది.

అనంతపద్మనాభం గారు ఫైలు మూసి, "ఈ రెండు అభిప్రాయములలో తమరి యథార్థ అభిప్రాయము ఏది? ఆలోచించి సెలవియ్యండి. ఇది తుది అవకాశము" అన్నారు.

నూకరాజు మైకు దగ్గరికి వచ్చాడు. వెనక్కి తిరిగి చూడలేదు. గొంతు బొంగురుగా వచ్చింది.

"రెండూ కాదండి. మొదటిది మా బావమరిది ఇంటన్నాడని చెప్పిందండి. రెండోది పాపారావుగారు రాసిందండి. నా మాట నేనింకా చెప్పలేదండి ఆయ్."

హాల్లో ఎవరో దగ్గారు. నూకరాజు ఆగలేదు.

"పధ్నాలుగేళ్ళండి. నన్నొక్క రోజు రోడ్డు మీద ఒగ్గెయ్యలేదండి. మా పాపకి జొరం పేలిపోతంటే, వరద నీళ్ళలో సగం చక్రం ములిగిపోయినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళిందండి. ఇప్పటికీ అరవై రెండిస్తదండి. మా ఇంట్లో ముగ్గురు అన్నం తింటన్నారంటే అది పెట్టిందేనండి. దాన్ని రోజూ తిట్టానండి. తిడితే నా దగ్గరే ఉంటదని తిట్టానండి. మంచిదని చెప్తే ఎవరో ఒకరు పట్టుకుపోతారని బయమండి. అంతేనండి నా అబిప్రాయం."

టైపు కొడుతున్న గుమాస్తా చేతులు ఆపేశాడు. దొరబాబు నోరు తెరిచి బావ వీపు వైపు చూస్తున్నాడు. మంగతాయారు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అనంతపద్మనాభం గారు కళ్ళజోడు తీసి, అద్దాలు తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన మనసు కరిగిందనడానికి అంతకు మించిన రుజువు ఆ ఆఫీసులో ఎప్పుడూ దొరకలేదు. మనసు కరిగిన అధికారి వల్ల వచ్చే ప్రమాదం నూకరాజుకి ఇంకా తెలియదు.

ఆయన లేచి నిలబడి మాట్లాడారు. జిల్లాలో ఇంతవరకు నలభై ఒక్క వేల అభిప్రాయాలు సేకరించామని, వాటిలో నలభై వేలు మార్చుకున్న అభిప్రాయాల పేరుతో కవర్లలో వచ్చి ఒకే దస్తూరీలో ఉన్నాయని, మిగతా వెయ్యి వాటికి జిరాక్సులని బాధపడ్డారు. శాఖ చరిత్రలోనే ఇది తొలి నిఖార్సయిన అభిప్రాయమన్నారు. ఇటువంటి అభిప్రాయానికి పాత్రమైన వాహనాన్ని దుమ్ములో, గోతుల్లో తిప్పడం శాఖకే అప్రతిష్ట అన్నారు. కనుక సదరు మోపెడ్డును ఆదర్శ వాహనంగా ప్రకటించి, ఆఫీసు ముందు అద్దాల గదిలో శాశ్వతంగా భద్రపరచాలని ఆదేశించారు. జనం చప్పట్లు కొట్టారు. నూకరాజుకి శాలువా కప్పి, పూలదండ వేసి, ఫొటో తీశారు.

ఆ సాయంత్రం నూకరాజు శాలువా భుజాన వేసుకుని నడిచి ఇంటికొచ్చాడు. ముందే ఇంటికి చేరిన మంగతాయారు గుమ్మంలోనే నిలబడి, అతని వెనకాల వీధి చివరిదాకా చూసింది. శాలువా బాగుంది గానీ బండేదని అడిగింది. గౌరవం చేశారని నూకరాజు చెప్పాడు. గౌరవం వెనకాల పెట్టెలో కుక్కర్లు పెట్టుకుని రేపు ఊళ్ళోకి వెళ్ళగలవా అని ఆవిడ అడిగింది. నూకరాజు శాలువా మడత పెట్టి లోపల పెట్టాడు.

పది రోజుల్లో అద్దాల గది లేచింది. లోపల పాలరాతి గట్టు, గట్టు మీద మోపెడ్డు, పైన రంగు బల్బులు. పక్కన నూకరాజు చెప్పిన మాటల్ని గ్రాంథికంలోకి మార్చి చెక్కించిన ఫలకం. సందర్శకులు అభిప్రాయాలు రాయడానికి ఒక పుస్తకం, దాన్ని కాపలా కాయడానికి ఒక మనిషి. బడిపిల్లల్ని వరసల్లో తెచ్చి చూపించారు. నూకరాజు కూడా ఒక రోజు టిక్కెట్టు కొనుక్కుని లోపలికెళ్ళాడు. ముందు టైరులో గాలి తగ్గిందని కాపలా మనిషితో చెప్పబోతే, వస్తువులకి దూరంగా నిలబడమని బోర్డు చూపించాడు.

నెల తిరిగేసరికి ఇంకో ఉత్తరం వచ్చింది. ప్రదర్శన స్థలానికి అద్దె, అద్దాలు తుడిచినందుకు, బల్బుల కరెంటు, ఇన్సూరెన్సు, ఆనంద రుసుము కలిపి నెలకి ఆరు వందల యాభై యజమాని చెల్లించాలి. వాహనం ప్రజలకి అంకితమైనప్పటికీ యాజమాన్యం చెక్కు చెదరలేదని, ఆ హక్కుని శాఖ ఎప్పటికీ గౌరవిస్తుందని అందులో హామీ కూడా ఇచ్చారు. గోరుచుట్టు మీద రోకటి పోటు అనుకుంటూ నూకరాజు ఉత్తరం నేల మీద పడేశాడు. తుక్కు చేసినా బాగుండేదన్న మాట నోటిదాకా వచ్చింది. దొరబాబు వినడానికి అక్కడ లేడు, అయినా ఆ మాట బయటికి రాలేదు. తన గుండెకాయ అద్దాల పెట్టెలో ఉండి తను బిల్లు కట్టాలంటే ఎవరికి మాత్రం ఏడుపు రాదు. నూకరాజు ఏడ్చాడు.

ఉత్తరం తీసింది మంగతాయారు. ముగ్గు వేసేటప్పుడు చుక్కలు లెక్కపెట్టినంత ఓపికగా చదివింది. అడుగున ఎనిమిదో నిబంధన దగ్గర ఆగింది. "సదరు వాహనమును ఎల్లవేళల నడుచు స్థితిలో ఉంచు బాధ్యత యజమానిదే" అని ఉంది. దాన్ని రెండోసారి పైకి చదివి, భర్త కేసి చూసింది.

"నడుత్తుందో లేదో నడపకుండా ఎలా తెలుత్తుందండీ?" అంది.

మర్నాడు నూకరాజు శాలువా కప్పుకుని ఆఫీసుకి వెళ్ళాడు. చేతిలో మంగతాయారు రాసిచ్చిన అర్జీ. ఇన్నాళ్ళూ వచ్చిన నోటీసులన్నీ చదివి చదివి ఆవిడకి ఆ భాష పట్టుబడింది. ఎనిమిదో నిబంధన అమలు జరుగుటకై సదరు వాహనమును నిత్యమూ చలన పరీక్షకు గురిచేయుట అనివార్యమనియు, నిలిపియుంచిన వాహనము నడుచునో లేదో చెప్పజాలమనియు, సదరు పరీక్షా భారమును ప్రజాహితార్థము యజమానియే తన భుజస్కంధములపై వేసికొనుటకు సిద్ధముగా నున్నాడనియు అందులో ఉంది.

అనంతపద్మనాభం గారు అర్జీని రెండుసార్లు చదివారు. ఆయన ముఖం వెలిగింది. ఇంత కాలంగా ఇంత ముఖ్యమైన లోపం ఎవరి దృష్టికీ రాలేదేమని తన కింది వాళ్ళని మందలించి, అక్కడికక్కడే నిత్య చలన పరీక్షా పథకాన్ని మంజూరు చేశారు. పరీక్షా సమయం ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా, ఆదివారాలు, సెలవు రోజులతో సహా. దూరం ఎంతయినా ఫర్వాలేదు. సహజ పరిస్థితుల్లో పరీక్షించాలి కాబట్టి మైకు, పనిముట్ల పెట్టె, కుక్కర్లు, గ్యాస్ పొయ్యిలు ఉండొచ్చు. బండికి ముందూ వెనకా ఎర్ర అక్షరాలతో బోర్డులు కట్టించారు. ప్రభుత్వ పరీక్షలో ఉన్న వాహనం, ఇతరులు తాకరాదు అని.

ఆ మర్నాడు పొద్దున్న ఏడింటికి కాపలా మనిషి అద్దాల తలుపు తీశాడు. నూకరాజు ముందు టైరుకి గాలి కొట్టాడు. మొదటి తన్నుకే బండి అందుకుంది. కుక్కర్ల రబ్బర్లు మారుస్తాం అని మైకులో తన పాత గొంతు తనకే వినపడితే నూకరాజుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దారిలో దొరబాబు ఎదురొచ్చాడు. అరవై రెండిస్తోందన్న సంగతి గుర్తున్నవాడు కాబట్టి ఆప్యాయంగా హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. బోర్డు చదివి చెయ్యి తీసేశాడు. ప్రభుత్వంతో పెట్టుకోకు బావా, జాగ్రత్తగా నడుపు అని చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం ఈ సంగతి విన్నాక, నెలకి ఆరు వందల యాభై ఎక్కువేమీ కాదని మంగతాయారుకి అనిపించింది.

రెండు నెలల తర్వాత, రాజధాని నుంచి పెద్దాయన స్వయంగా ఆదర్శ వాహనాన్ని చూడడానికి వచ్చాడు. వచ్చేసరికి ఉదయం పదకొండు. అద్దాల గదిలో పాలరాతి గట్టు, రంగు బల్బులు, ఫలకం ఉన్నాయి. మోపెడ్డు పరీక్షలో ఉంది. వాహనమేదని అడిగే ధైర్యం వెంట ఉన్న వాళ్ళలో ఎవరికీ లేకపోయింది. అడిగితే తన అజ్ఞానం బయటపడుతుందేమోనని పెద్దాయనా అడగలేదు. ఖాళీ గట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఫలకం చదివి, సందర్శకుల పుస్తకంలో నూట యాభై మాటలకి తగ్గకుండా తన అభిప్రాయం రాశాడు. ఇంత చక్కగా సంరక్షించిన వాహనాన్ని తన సర్వీసులో చూడలేదని అందులో ఉంది.

ఆ సమయానికి ఆరు కిలోమీటర్ల అవతల ఒక ఇంటి అరుగు మీద కూర్చుని నూకరాజు కుక్కరుకి రబ్బరు బిగిస్తున్నాడు. ఆ ఇంటావిడ మోపెడ్డు బోర్డు కేసి చూసి, ప్రభుత్వం వాళ్ళ బండా, ఎలా ఉంటుందేంటి అని అడిగింది.

"బంగారం తల్లీ" అన్నాడు నూకరాజు, వీధంతా వినపడేలా.